పదిహేడు జతల చెప్పులు

బుధవారం ఉదయం పదీ ఇరవైకి రామతులసి ఆ ఫోటోను నాలుగోసారి చేతిలోకి తీసుకుని, మొదటిసారిగా మొహాలు వదిలేసి కాళ్లు చూసింది.

ఆదివారం మధ్యాహ్నం మూడూ నలభైకి మాసిపాలెం రేవులో ఒక యాత్రికుడి కెమెరాతో బస్సు డ్రైవరు తీసిన ఫోటో అది. రీలు కడిగించి రావులపాలెం స్టూడియో వాళ్లు ఆ పొద్దునే పంపారు. ‘వెండితెర యాత్ర’ అని రాసున్న మినీ బస్సు ముందు గైడుతో కలిపి పద్దెనిమిది మంది రెండు వరసల్లో నిలబడ్డారు. ఏ వంతెన మీద హీరో పరిగెత్తాడో, ఏ పూలతోటలో హీరోయిన్ పాడిందో, ఏ మెట్ల మీద విలన్ చచ్చాడో చూసుకుంటూ రాజమండ్రి నుంచి వచ్చినవాళ్లు. ఆఖరి మజిలీ నది మధ్యలో గోరింకలంక. ఒకప్పుడు ఊళ్లకు ఊళ్లు టీవీల ముందు కూర్చుని చూసిన సీరియల్ ఇల్లు అక్కడే ఉంది.

వెనక వరసలో ఎడమ చివర, నవ్వకుండా నిలబడ్డ పిల్ల దుర్గాశ్రీ. ఇరవై నాలుగేళ్లు. సామర్లకోటలో స్కూలు టీచరు. ఆ సాయంత్రం తర్వాత ఆమె ఎవరికీ కనబడలేదు.

ఈ మూడు రోజులూ అందరూ నమ్మింది ఒక్కటే మాట. దుర్గాశ్రీ లంక నుంచి ఇవతలి ఒడ్డుకి వచ్చేసింది, ఏం జరిగినా ఇవతలే జరిగింది. ఆ నమ్మకానికి ఆధారం చెప్పులు.

పడవ నడిపే పల్లంరాజుకి రెండు పట్టింపులున్నాయి. చెప్పులతో పడవ ఎక్కనివ్వడు, అది గంగమ్మ ఒడి అంటాడు. నీటి మీద మనుషుల తలలు లెక్కపెట్టడు, పెడితే గంగమ్మకి అప్పజెప్పినట్టే అంటాడు. అందుకని ఎక్కేవాళ్ల చెప్పులన్నీ రేవులో అతని భార్య రత్తమ్మ టీకొట్టు ముందు ఉంటాయి. తిరిగొచ్చాక ఒక్క జత మిగిలినా, మనిషి లంకలో ఉండిపోయినట్టు. ఆదివారం ఒక్క జతా మిగల్లేదు. పద్దెనిమిది మంది, పద్దెనిమిది జతలు, అన్నీ చెల్లు.

సోమవారం ఆ లెక్క విని రామతులసి ముచ్చటపడింది. పోలీసు ఉద్యోగం వదిలేసి సొంతంగా డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టిన ఆరేళ్లలో ఇంత తేటగా సాక్ష్యం చెప్పినవాడు ఆమెకు తగల్లేదు. తనను పనికి పెట్టుకున్న దుర్గాశ్రీ తల్లి అచ్చాయమ్మ లంకలోకెళ్లి వెతుక్కుంటానని పడవ అంచు పట్టుకుంటే, ఆ చెయ్యి విడిపించింది రామతులసే. “మీ అమ్మాయి అక్కడ లేదమ్మా. ఉన్న చోట వెతుకుదాం,” అంది.

ఇప్పుడు ఆ ఫోటోలో, ముందు వరసలో, పంచె కట్టుకున్న ఒక పెద్దాయన వట్టి కాళ్లతో ఉన్నాడు.

సెల్‌ఫోన్‌కి సిగ్నల్ కోసం ఏటిగట్టు ఎక్కి, యాత్రికుల జాబితాలో ఆయన నంబరు చూసి నొక్కింది.

“పిఠాపురం బుల్లియ్య గారేనాండీ? ఆదివారం టూర్లో మీ చెప్పులు ఎక్కడ విడిచారండీ?”

“నాకు చెప్పులెక్కడివమ్మా? మనవడి పుట్టెంట్రుకలు తిరుపతిలో తీయించేదాకా తొడగనని మొక్కుకున్నాను. ఫిబ్రవరి నుంచీ ఇంతే. మా కోడలికి శెలవు దొరకదు, నాకు చెప్పులు దొరకవు.”

“పోలీసులు మిమ్మల్ని ఇది అడగలేదాండీ?”

“ఆ పిల్ల ఎవరితో మాట్లాడిందని అడిగేరు. నా కాళ్ల సంగతి ఎవరికి కావాలమ్మా?”

రామతులసి ఫోన్ ఆపింది. గట్టు కింద నది ఎర్రగా, వెడల్పుగా పోతోంది. ధవళేశ్వరం దగ్గర తొమ్మిది గంటలకి రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. మధ్యాహ్నం రెండింటికల్లా గోరింకలంక మునుగుతుందని ఊళ్లో దండోరా వేశారు. సోమవారం సాయంత్రమే అక్కడి రైతులు గొడ్లను తోలుకుని ఇవతలికి వచ్చేశారు.

మూడున్నర గంటలు.

* * *

రత్తమ్మ గ్లాసులు కడుగుతోంది. రామతులసి బల్ల మీద కూర్చుంది.

“రత్తమ్మా, ఆదివారం ఎన్ని జతలున్నాయి?”

“ఎన్నిసార్లడుగుతారండి. పద్దెనిమిది.”

“లెక్కపెట్టింది నువ్వా, మీ ఆయనా?”

“నేనేనండి. ఆయన పడవలో ఉంటాడు కదండి. ‘చెల్లా’ అని కేకేస్తాడు, నేను ‘చెల్లు’ అంటాను. అప్పుడు పడవ కట్టేస్తాడు.”

“ఆదివారం చెల్లు అన్నావు.”

“ఆయ్.”

రామతులసి ఫోటో ముందు పెట్టింది. “ఈయన గుర్తున్నాడా?”

“టీలో పంచదార వద్దన్న పెద్దాయనండి.”

“కాళ్లకేమున్నాయో చూడు.”

రత్తమ్మ చూసింది. చేతిలోని గ్లాసు మళ్లీ మొదటినుంచి కడగడం మొదలుపెట్టింది.

“పద్దెనిమిది మందిలో ఒకాయనకి చెప్పుల్లేవు. ఉండాల్సింది పదిహేడు జతలు. నీకు లెక్క తెలీక కాదు. మనుషులు పద్దెనిమిది కాబట్టి చెప్పులూ పద్దెనిమిదంటే ఎవరూ అడగరనుకున్నావు. ఎందుకు అలా సరిపెట్టాల్సొచ్చింది?”

రత్తమ్మ రేవు వైపు చూసింది. పల్లంరాజు పడవని వరద లాక్కుపోకుండా రెండో తాడు కడుతున్నాడు.

“ఆయనకి తెలీదండి.”

“తెలియాల్సింది నాకు.”

“పదిహేడేనండి. పదహారు మంది తొడుక్కున్నారు. ఒక జత ఉండిపోయింది.” గొంతు బాగా తగ్గించింది. “ఆయన చెల్లా అన్నప్పుడు నా కాలి దగ్గరే ఉన్నాయండి. తోలు చెప్పులు. సగం మంది చెప్పులు చేత్తో పట్టుకుని బురద కాళ్లతో అలాగే బస్సెక్కేస్తారు. మర్చిపోయారనుకున్నాను. కాలితో బల్ల కిందకి తోసి, చెల్లు అన్నాను.”

“ఎందుకు?”

“మా బేబీ టెన్తుకొచ్చిందండి. తెగిన హవాయి చెప్పులకి పిన్నీసు పెట్టుకుని పట్నం బడికి ఎల్తుంది.”

“సోమవారం పోలీసులు వచ్చినప్పుడు?”

“చెబుదామనే అనుకున్నానండి. దొంగతనం చేసేవా అంటారు కదా. పదేళ్లలో ఈ రేవులో ఒక్క జత పోలేదని ఆయన అందరికీ చెప్పుకుంటాడు. పోనీ మంగళవారం చెబుదామంటే, సోమవారం ఎందుకు చెప్పలేదంటారు. ఈ రోజు చెబుదామంటే... బేబీ వాటిని తొడగలేదండి. ఇయ్యనే లేదు. బియ్యం డబ్బాలో ఉన్నాయి.”

రామతులసి ఆమెను తిట్టలేకపోయింది. సోమవారం ఈమె ఒక్క జత చెప్పులు దాచింది. తను ఆ లెక్కను పట్టుకుని ఒక తల్లి చేతిని పడవ మీంచి తీసేసింది. ఎవరిది పెద్ద తప్పో తేల్చడానికి ఇప్పుడు టైం లేదు.

బియ్యం అంటుకున్న చెప్పులు బయటికొచ్చాయి. అచ్చాయమ్మ సోమవారం నుంచీ గట్టు మీదే, గోనెపట్టా పరుచుకుని కూర్చునుంది. చెప్పులు చేతికిస్తే పట్టీ తిప్పి చూసింది. ఎర్రదారంతో వేసిన నాలుగు కుట్లున్నాయి.

“ఇవి నేనేసిన కుట్లు,” అంది. తర్వాత తలెత్తింది. “సోమవారం నేను పడవ పట్టుకుంటే నా చెయ్యి తీసేశావమ్మా.”

“అవునండి.”

“నువ్వు చదువుకున్నదానివని వదిలేశాను.”



* * *

పదీ యాభై అయిదుకి పోలీసు జీపు గట్టు మీద ఆగింది. ముందు సీఐ వెంకటరాజు దిగాడు, వెనక నుంచి కేబుల్ టీవీ కెమెరామన్ దిగాడు. హెడ్ కానిస్టేబుల్ చిట్టియ్య జీపు పక్కనే నిలబడ్డాడు. లోపల బేడీలతో ‘వెండితెర యాత్ర’ గైడు గణేష్‌బాబు. సోమవారం సాయంత్రం పట్టుకెళ్లారు. పెదవి వాచిపోయి ఉంది.

వెంకటరాజూ రామతులసీ ఒకే ఏడాది ఎస్సైలుగా ట్రైనింగయ్యారు. అప్పటినుంచీ ఆమె ముందు తన టోపీ సరిచేసుకోకుండా అతను మాట్లాడడు.

“డిటెక్టివ్ గారూ, టీ తాగడం అయితే కాస్త పక్కకి జరుగుతారా? నిందితుడు ఆ అమ్మాయిని ఆటో ఎక్కించిన చోటు చూపిస్తాడు. కెమెరాకి అడ్డం.”

“ఆటో ఏంటండీ?”

“నేరం ఒప్పుకున్నాడు.”

“మీ జీపులో ఎక్కాక ఒప్పుకున్నాడా, దిగాకా?”

“మీరు ఉద్యోగంలో ఉండి ఉంటే తెలిసేది.”

రామతులసి చెప్పులు జీపు బానెట్ మీద పెట్టింది. “దుర్గాశ్రీవి. ఆదివారం సాయంత్రం రేవులో మిగిలిన జత. ఆ అమ్మాయి ఇవతలికి రాలేదు. లంకలో ఉంది.”

వెంకటరాజు చెప్పుల వైపు చూశాడు. ఆ తర్వాత ఆమె వైపు కాకుండా చిట్టియ్య వైపు చూశాడు. చిట్టియ్య జీపు టైరు చూస్తున్నాడు. ఆ చూపు ఎందుకో ఆమెకు అర్థం కాలేదు.

రెండు క్షణాల తర్వాత సీఐ మొహం మామూలుగా అయింది. ఫైలు విప్పి ఒక కాగితం తీసి, కెమెరా వైపు తిరిగి చదివాడు.

“‘పడవ సరంగు లెక్క ప్రకారం దుర్గాశ్రీ ఇవతలి ఒడ్డుకి చేరినట్టు నిర్ధారణ అయినది. లంకలో వెతకవలసిన అవసరం లేదు.’ సంతకం, రామతులసి. సోమవారం మధ్యాహ్నం పన్నెండూ నలభై. ఈ కాగితాన్ని నమ్మే మేం లంక వదిలేశాం. అవునా కాదా, మేడం?”

ఆ రోజు అతను ఎంత మర్యాదగా అడిగాడో ఆమెకు గుర్తొచ్చింది. ‘మీ అంత బుర్ర మాకెక్కడిది, ఒక్క ముక్క రాసివ్వండి’ అన్నాడు. పాత బ్యాచ్‌మేటు ఒప్పుకున్నాడన్న సంబరంలో పెన్ను అతని దగ్గరే తీసుకుని రాసింది.

“రాసింది నేనే. తప్పు రాశాను. ఇప్పుడు పడవ కావాలి.”

“రెండో హెచ్చరిక తర్వాత పడవ నీళ్లలోకి దిగకూడదు. కాకినాడ నుంచి మరబోటు పిలిపిస్తాను. నాలుగింటికొస్తుంది.”

“రెండింటికి లంక మునుగుతుంది.”

“అది సోమవారం ఆలోచించాల్సింది.”

ఆమె జీపు వెనక్కి వెళ్లి గణేష్‌బాబు ముందు నిలబడింది.

“నిందితుడితో మాట్లాడకూడదు,” అన్నాడు వెంకటరాజు.

“అమ్మాయి ఇవతలికొచ్చిందనే కదండీ ఇతన్ని పట్టుకున్నారు? రాలేదు. ఇప్పుడు ఏ కేసులో ఉన్నాడో కెమెరాకి చెప్పండి, నేను ఆగుతాను.”

కెమెరామన్ నిజంగానే కెమెరా సీఐ వైపు తిప్పాడు. వెంకటరాజు టోపీ సరిచేసుకున్నాడు.

“గణేష్‌బాబూ, లంకలో దుర్గాశ్రీ నీతో ఆఖరిసారి మాట్లాడింది ఎప్పుడు?”

“నాలుగున్నరకండి. అందరూ సీరియల్ ఇంటి ముందు ఫోటోలు తీసుకుంటుంటే పక్కకొచ్చి ఉయ్యాల గది ఎక్కడండీ అనడిగింది.”

“ఉయ్యాల గదా?”

“సీరియల్లో నాయిక ఉయ్యాల ఊగే గదండి. ఆ అమ్మాయి నాన్న వడ్రంగి. ఆ సీన్లో పెట్రోమాక్స్ లైటు పట్టుకుని ఇటు నుంచి అటు నడుస్తాడు. నాలుగు సెకన్లు. ఆయన పోయినప్పుడు ఈ అమ్మాయికి తొమ్మిదేళ్లంట. నాన్న నడవడం మళ్లీ చూడాలంటే ఆ ఎపిసోడ్ ఎక్కడా దొరకలేదంట. కనీసం ఆయన నడిచిన నేల మీద నిలబడదామని వచ్చానండీ అంది.”

గట్టు మీద అచ్చాయమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

“చూపించావా?”

గణేష్‌బాబు బేడీల వైపు చూశాడు. “అక్కడ ఉయ్యాల గదే లేదండి. నేను ఆ సీరియల్‌కి ప్రొడక్షన్‌లో పనిచేశాను. లోపలి సీన్లన్నీ హైదరాబాదులో సెట్టు వేసి తీశారు. లంకలో తీసింది ఇంటి ముందు భాగం ఒక్కటే. ఈ అయిదేళ్లలో ఆ మాట ఏ టూర్లోనూ చెప్పలేదండి. ఎవరైనా అడిగితే ఈ రోజు తాళం అనేస్తాను. ఈ అమ్మాయితో అది అనలేకపోయాను. లేదని అస్సలు చెప్పలేకపోయాను. అరటితోట వెనక పాత పొగాకు గోడౌన్ ఉంది. అదే అన్నాను. తలుపు లాగితే తెరుచుకుంటుందమ్మా, చూసి రమ్మన్నాను.”

“నీతో తిరిగి రాలేదని నువ్వు గమనించలేదా?”

“రావులపాలెం వెళ్లి బస్సెక్కుతానని పొద్దునే చెప్పిందండి. రేవులో దిగి అటే వెళ్లిందనుకున్నాను. రత్తమ్మ చెల్లు అంది కదండి.” ఎవరూ అడక్కుండానే ఇంకో మాట చెప్పాడు. “ఆ తలుపుకి బయట పెద్ద ఇనప గడియ ఉంటుందండి. గాలికి తలుపు కొట్టుకుంటే అదే పడిపోతుంది. రైతులు ఇటుక అడ్డం పెట్టుకుని లోపలికెళ్తారు. నాకు తెలుసు. చెప్పడం మర్చిపోయాను.”

“ఇది స్టేషన్లో చెప్పావా?”

“ఆటో సంగతి చెప్పమన్నారండి.”

నీళ్లలోంచి చప్పుడైంది. పల్లంరాజు తాళ్లు విప్పేశాడు. అతను ఎప్పటినుంచి వింటున్నాడో ఎవరూ చూడలేదు. భార్య వైపు చూడలేదు. రత్తమ్మే చీర ఎగగట్టి అందరికంటే ముందు పడవలో ఎక్కి కూర్చుంది.

“ఏయ్, పడవ కదిలిస్తే కేసు పెడతాను,” అన్నాడు వెంకటరాజు.

“పెట్టండి బాబూ. తిరిగొస్తే సంతకం పెడతాను,” అన్నాడు పల్లంరాజు.

రామతులసి చెప్పులు విడిచి పడవెక్కింది. పదకొండూ ఇరవై.

* * *

మామూలు రోజుల్లో పది నిమిషాల దూరం. ఆ రోజు ముప్పై అయిదు నిమిషాలు పట్టింది. పల్లంరాజు పడవని ఎగువకి ఏటవాలుగా నడిపి, లంక తల దగ్గర అరటిచెట్ల మధ్యకి తోశాడు. మోకాళ్ల లోతు నీళ్లలో దిగారు. సీరియల్ ఇంటి అరుగులు అప్పటికే మునిగాయి. రామతులసి ఆ ఇంటి వైపు తిరిగి చూడలేదు.

గోడౌన్ దగ్గర నీళ్లు నడుం దాకా ఉన్నాయి. పొడవాటి పెంకుటిల్లు, కిటికీల్లేవు. పొగాకు ఆరడానికి గోడల పైన బెజ్జాలు మాత్రం ఉన్నాయి. తలుపు మూసి ఉంది. గణేష్‌బాబు చెప్పినట్టే ఇనప గడియ కొక్కెంలో పడి ఉంది. చుట్టూ తీగ లేదు, తాళం లేదు. ఎవరూ వెయ్యలేదు, గాలే వేసింది.

గడియ మీద చెయ్యి వేసి రామతులసి ఒక్క క్షణం ఆగింది.

చూరు కింద, వాన తగలని చోట, తలుపు పై చెక్క మీద సుద్దముక్కతో రాసుంది. పోలియో చుక్కలు వేసేవాళ్లు ఇళ్ల తలుపుల మీద రాసినట్టు, గుండ్రంగా, ఓపిగ్గా:

చూడబడినది. 4/8.

నాలుగో తారీకు. సోమవారం.

“ఏంటండది?” అన్నాడు పల్లంరాజు.

“ముందు తలుపు తియ్యి.”

నీటి బరువుకి తలుపు కదల్లేదు. ముగ్గురూ పట్టి లాగితే మూర వెడల్పు వచ్చింది. లోపల చీకటి, కుళ్లిన పొగాకు వాసన. రామతులసి టార్చి వేసింది. నీటి మీద ఎండుటాకులు తేలుతున్నాయి.

“దుర్గాశ్రీ.”

పలకలేదు. పైన వాసాల మధ్య, పొగాకు తోరణాలు వేలాడదీసే కర్రల మీద, ఒక పాదం కదిలింది.

పల్లంరాజు భుజం మీదికెక్కి రత్తమ్మ ఆమెను కిందికి దింపింది. పెదవులు పగిలి ఉన్నాయి, కళ్లు లోపలికి పోయాయి. పెంకుల్లోంచి కారిన వాననీళ్లు పైటచెంగుతో పట్టుకుని తాగిందట. మాట గాలిలాగా వస్తోంది. అయినా మాట్లాడటం ఆపడం లేదు.

“ఉయ్యాల కొక్కేలు వెతికానండి. వాసాలన్నీ తడిమాను. లేవు. అయిదు నిమిషాల్లో తెలిసిపోయింది ఇది కాదని. వెళ్లిపోదామని తిరిగేసరికి తలుపు పడింది. నాలుగూ నలభై. వాచీ ఉంది నాకు.”

“మాట్లాడకమ్మా. నీళ్లు తాగు.”

“ఆదివారం రాత్రి పెద్దగా భయమెయ్యలేదండి. రేవులో చెప్పులున్నాయి కదా, చూసి వస్తారనుకున్నాను.”

రత్తమ్మ ఆ పిల్ల పాదాలు రెండూ తన చేతుల్లో పట్టుకునుంది.

“చూశానమ్మా,” అంది. “నేను చూశాను.”

దుర్గాశ్రీకి ఆ మాట అర్థం కాలేదు. మీరు వచ్చారు కదండీ, అంది. రత్తమ్మ మొహం పక్కకి తిప్పుకుంది.

“ఈ తలుపు దగ్గరికి ఎవరైనా వచ్చారా?” అడిగింది రామతులసి.

“సోమవారం. తొమ్మిదిన్నరకి. తలుపు మీద గీకిన చప్పుడైంది. అప్పటికి నా గొంతు పోయింది. ఎంత అరిచినా మూలుగే వస్తోంది. తలుపు కొడదామని లేచేలోగా బయట వైర్‌లెస్ సెట్టు గరగరలాడింది. ‘ఏం లేదండి, ఏదో గొడ్డు మూలుగుతోంది, లంకంతా చూశామని సీఐ గారితో చెప్పండి’ అన్నాడు. వెళ్లిపోయాడు.”

రామతులసి మనసులో రెండు టైములు పక్కపక్కన పెట్టుకుంది. తొమ్మిదీ ముప్పై. పన్నెండూ నలభై. ఆమె కాగితం రాసివ్వడానికి మూడు గంటల పది నిమిషాల ముందే వెంకటరాజు మనుషులు ఈ రేవుకి తెలీకుండా అవతలి గట్టు నుంచి వచ్చి లంకంతా చూసినట్టు తేల్చేశారు. అయినా ఒక్క ముక్క రాసివ్వమన్నాడు. ఇవాళ చెప్పులు చూశాక ఆ వెతుకులాట మాటే ఎత్తలేదు, ఆమె కాగితం మాత్రం కెమెరాకి చదివాడు. అతను చిట్టియ్య వైపు ఎందుకు చూశాడో ఇప్పుడు తెలిసింది.

తెలిసినందుకు ఆమెకు తేలిగ్గా ఏమీ అనిపించలేదు. ఆ కాగితం మీద ఉన్నది తన చేతిరాతే. అతను అబద్ధం రాయించలేదు, తను నమ్మిందే రాయించాడు.

నీళ్లు రొమ్ము దాకా వచ్చాయి. ఇంకో రెండు గంటల్లో ఆ సుద్దరాత నది కడిగేస్తుంది. ఆ తర్వాత అక్కడెవరో వచ్చారనడానికి మిగిలేది మూడు రోజులు తిండి లేని ఒక పిల్ల మాట. కలవరించింది అనేస్తే అయిపోతుంది.

“పల్లంరాజూ, ఈ పై చెక్క ఊడదీయగలవా?”

“పడవలో గునపం ఉందండి.”

“తడవకుండా తీయాలి.”

అతను గునపం తెచ్చాడు. చెక్క ఊడొచ్చాక రత్తమ్మ దానికి పడవలోని బరకం పట్టా చుట్టి చంటిపిల్లలా ఎత్తుకుంది.

* * *

ఒంటిగంటా పదికి పడవ మాసిపాలెం రేవు తాకింది. గట్టంతా జనం. అంబులెన్సు వచ్చింది, కెమెరా ముందుకొచ్చింది. అచ్చాయమ్మ నీళ్లలోకి దిగి కూతుర్ని రెండు చేతులతో పట్టుకుంది. ఆమె ఏడవలేదు. ఒళ్లంతా తడిమి చూసుకుంది, అంతే.

వెంకటరాజు మెట్ల మీదికొచ్చి చెయ్యి అందించాడు. “శభాష్ పల్లంరాజూ. పోలీసు వారి సహకారంతో...”

“ఒక్క నిమిషమండీ,” అంది రామతులసి. ఆ చెయ్యి అందుకోకుండానే మెట్లెక్కి, కెమెరా ముందు ఆగింది. “ముందు నా తప్పు నేను చెబుతాను. సోమవారం ఈ తల్లి లంకలో వెతుకుతానంటే వద్దన్నది నేను. చెప్పుల లెక్క విన్నాను గానీ చెప్పులు చూసినవాళ్లని అడగలేదు. అక్కర్లేదని సంతకం పెట్టి ఇచ్చాను. రెండు రోజులు ఆ పిల్ల వాసాల మీద ఉండటానికి కారణం నా సంతకం. సీఐ గారు చదివిన కాగితం నిజమే.”

 వెంకటరాజు టోపీ మీదికి పోయిన చెయ్యి అక్కడే ఉంది.

“ఇంకోటి కూడా ఉంది. దానికి సంతకం లేదు.”

రత్తమ్మ బరకం విప్పింది. సుద్దరాత చెక్కుచెదరలేదు. కెమెరామన్ వంగి దగ్గరగా చూపించాడు.

“తీసేయండి దాన్ని. కెమెరా ఆపు,” అన్నాడు వెంకటరాజు. గొంతు పెద్దగా లేదు.

“ఏం రాసుందమ్మా?” అడిగింది అచ్చాయమ్మ. ఆమెకు చదువు రాదు.

“మీ అమ్మాయి ఉన్న గోడౌన్ తలుపు మీద సోమవారం పొద్దున రాశారండి. ‘చూడబడినది’ అని.”

అచ్చాయమ్మ ఆ మాటను ఒకసారి పెదవులతో అనుకుంది.

“ఎవరు చూశారంట?”

 వెంకటరాజు జీపు వైపు రెండడుగులు వేశాడు. ఎదురుగా చిట్టియ్య నిలబడి ఉన్నాడు, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. సీఐకి దారివ్వలేదు.

“ఎవరూ చూళ్లేదమ్మా,” అన్నాడు చిట్టియ్య. “రాసింది నేను. పన్నెండింటికి మంత్రిగారి బందోబస్తు ఉంది, అన్ని తలుపుల మీదా రాసి గంటలో వచ్చెయ్యమన్నారు. ఈ తలుపు దగ్గర మూలుగు విన్నాను. విన్నానని కూడా చెప్పాను. నిన్న రాత్రి మళ్లీ చెప్పాను, సార్, అది గొడ్డు కాదేమోనని.”

అతను వెంకటరాజు కళ్లలోకి చూశాడు.

“పొద్దున వెళ్లి చూసొస్తానంటే, లంక ఎలాగూ మునుగుతుంది వదిలెయ్ అన్నారు.”